మూడు సీసాలు, మూడు మేకులు

తాళాల తాత తాళంచెవిని కింది పెదవికి ఆనించుకుని, కళ్ళు మూసుకుని, దాని పళ్ళు ఒక్కొక్కటే తడుముతుంటే చూసినవాళ్ళు ముసలాయనకి ఇదేం చాదస్తమో అనుకునేవారు. చాదస్తం కాదు. ఆయన వేళ్ళ చివర్లకి తెలియడం మానేసింది. పద్దెనిమిదేళ్ళుగా ఒంట్లో కాపురమున్న షుగరు ముందు పాదాలకి తిమ్మిరి పట్టించింది. తర్వాత, అద్దెకొచ్చినవాడు వసారాలోంచి వంటింట్లోకి జరిగినట్టు, మెల్లగా చేతుల్లోకి జరిగింది.

తాళాలు బాగుచేసేవాడికి చూపు మందగించినా గడుస్తుంది గానీ వేళ్ళు మొద్దుబారితే గడవదు. తాళం లోపల ఏం జరుగుతోందో ఎటూ కంటికి కనపడదు. సన్నటి ఇనప పుల్లని లోపలికి పోనిచ్చి కదిపితే, ఏ పలక లేచింది, ఏది ఇరుక్కుంది అన్న కబురు ఆ పుల్ల మీదుగా వేలికి రావాలి. ఇప్పుడా కబురు సగం దారిలోనే ఆగిపోతోంది. అందుకని పెదవి. పెదవికి ఇంకా తెలుస్తోంది.

"ఒరేయ్, ఆ ఇనుము నోట్లో పెట్టుకోకురా. ఎవరెవరి జేబుల్లో తిరిగొచ్చిందో ఏమో" అనేది అక్క.

"నోట్లో కాదక్కా, పెదవి మీద."

"పెదవి ఎక్కడుంది మరి, మోకాలి మీదా?"

అక్క ఆయనకంటే నాలుగేళ్ళు పెద్ద. ఆస్పత్రి దుప్పట్లు ఇస్త్రీ చేసి చేసి కుడిభుజం కాస్త కిందికి దిగిపోయిన మనిషి. బావగారు పోయాక తమ్ముడి దగ్గరికొచ్చేసింది. పొద్దున కొట్టు తెరిచేటప్పుడు వచ్చి తలుపు పక్క ముక్కాలిపీట మీద కూర్చుంటుంది, మూసేటప్పుడు లేస్తుంది. ఈ మధ్యలో వచ్చేవాళ్ళకీ పోయేవాళ్ళకీ అడక్కపోయినా సలహాలిస్తుంది. ఆవిడకీ షుగరే. ఆవిడకి వేళ్ళు బాగానే ఉన్నాయి, నిద్రే లేదు. తెల్లవార్లూ కళ్ళు పత్తికాయల్లా విప్పుకుని పడుకుని, పగలు పీట మీద తూగుతుంది.

ఇద్దరూ నెలకోసారి షుగరు చూపించుకునే ఆస్పత్రిలో ఒకరోజు డాక్టరమ్మ వాళ్ళని కూర్చోబెట్టి, "తాతగారూ, తుప్పంటే తెలుసా మీకు?" అని అడిగింది.

అక్క పకపకా నవ్వింది. "బాగుందమ్మా! చేపని పట్టుకుని నీళ్ళు తెలుసా అన్నట్టుంది."

డాక్టరమ్మ కూడా నవ్వి, నిదానంగా చెప్పింది. "షుగరు ఏళ్ళ తరబడి ఉండి, పైగా వయసు మీద పడితే, ఒంట్లో తుప్పులాంటిదే ఒకటి ఎక్కువవుతుంది. దానివల్ల నరాలూ రక్తనాళాలూ దెబ్బతింటాయి. ఇక చీకటి పడగానే మనకి నిద్రవేళయిందని చెప్పడానికి ఒంట్లోనే ఒక పదార్థం ఊరుతుంది, మెలటోనిన్ అంటారు. వయసు పెరిగేకొద్దీ అది తగ్గుతుంది. దాన్ని మాత్రగా ఇస్తే ఈ తుప్పు కాస్త తగ్గుతుందేమోనని ఒక ఆశ. ఆశేనండోయ్. మీలాంటి పెద్దవాళ్ళలో తగ్గుతుందో లేదో గట్టిగా తేల్చాలి. దానికే ఈ పరీక్ష పెట్టాం. నూటయాభై మంది కావాలి."

"నా వేళ్ళు తిరిగొస్తాయా?"

"వస్తాయని చెబితే అబద్ధమాడినట్టు. ముందు నెత్తురులో తుప్పు తగ్గుతుందో లేదో చూడాలి."

ఆ మాట ఆయనకి నచ్చింది. తప్పకుండా వస్తాయని అని ఉంటే అక్కడే లేచి దణ్ణం పెట్టి వచ్చేసేవాడు. ఎలాంటి తాళమైనా చిటికెలో తీస్తానన్నవాణ్ణి తన సర్వీసులో ఒక్కణ్ణీ నమ్మలేదాయన.

"ఇంకో సంగతి. సగం మందికి అసలు మాత్ర, సగం మందికి ఉత్తుత్తిది, పిండి మాత్ర. రెండూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. ఎవరికేది వెళ్ళిందో మీకూ తెలీదు, నాకూ తెలీదు. ఆ వివరాలు వేరే ఆఫీసులో తాళం వేసి పెట్టారు."

తాత ముందుకు వంగాడు. "ఏ రకం తాళమమ్మా?"

"మీకు మాత్రం చెప్పను" అంది డాక్టరమ్మ.

ఆవిడ చెప్పిన పద్ధతి ఇదీ. మామూలు షుగరు మందులు మానకూడదు. రాత్రి తొమ్మిదింటికి ఒక్క మాత్ర, దీపం తీసేసి పడుకోవడం. అలా మూడు నెలలు. నెలకో సీసా ఇస్తారు, అందులో ముప్పై అయిదు మాత్రలుంటాయి. నెల కాగానే సీసా వెనక్కి తెచ్చివ్వాలి, నెత్తురు ఇవ్వాలి. మధ్యలో మానేస్తామంటే మానెయ్యొచ్చు, ఎవరూ ఏమీ అనరు.

"మధ్యలో మానేసే వంశం కాదమ్మా మాది" అంది అక్క. "మా నాన్న మొదలుపెట్టిన దగ్గు కూడా మధ్యలో ఆపేవాడు కాదు."

తాత సంతకం పెట్టాడు. మనసులో మాత్రం ఒకటే అనుకున్నాడు. ఈ వేళ్ళకి ఇంతవరకు దారి చూపించినవాళ్ళు లేరు. ఇది దారో, గోడో, చివరిదాకా నడిచే చూడాలి.

మొదటి నెల సగం గడిచేసరికి అక్క గుర్రు పెట్టి నిద్రపోవడం మొదలుపెట్టింది. పగలు పీట మీద తూగడం మానేసింది. తూగడం మానేసరికి సలహాలు రెట్టింపయ్యాయి. తాతకి మాత్రం మార్పేమీ లేదు. అదే తిమ్మిరి, అదే పెదవి. రోజూ మాత్ర అరచేతిలో వేసుకుని దాని మొహంలోకి చూసేవాడు. అది ఏమీ ఎరగనట్టు తెల్లగా, గుండ్రంగా ఆయన మొహంలోకి చూసేది.

ఇక్కడే ఆయన పని అలవాటు ఆయన కొంప ముంచింది. కొత్త నూనె ఏది కొన్నా, అమ్మేవాడు ఎంత గొప్పగా చెప్పినా, తాత దాన్ని తిన్నగా జనం తాళాల్లో పొయ్యడు. ముందు మేకు మీద చూస్తాడు. ఒక మేకుకి ఆ నూనె రాసి నీళ్ళలో వేసి వారం చూస్తే, నూనె కులగోత్రాలన్నీ మేకే చెప్పేస్తుంది. పని నేర్పిన గురువు దగ్గర్నుంచి వచ్చిన పద్ధతి అది. ఇక తుప్పు పోగొడుతుందంటున్న మాత్ర ఒకటి చేతికొస్తే ఆయన ఊరుకుంటాడా?

ముప్పై రోజులకి ముప్పై పోగా సీసాలో అయిదు మిగులుతాయి. మిగిలేవాటితో వాళ్ళకేం పని, సీసా వెనక్కి అడిగింది సీసా కోసమే కదా అనుకున్నాడు. తన సీసాలోంచి నాలుగు తీశాడు. అక్క అటు తిరిగినప్పుడు ఆవిడ సీసాలోంచీ నాలుగు తీశాడు. కొట్టు వెనక అలమారులో మూడు గాజు సీసాలు వరసగా పెట్టి నీళ్ళు నింపాడు. మొదటిదాంట్లో ఉత్త నీళ్ళే. రెండోదాంట్లో తన మాత్రలు నూరి కలిపాడు, మూడోదాంట్లో అక్కవి. ఒక్కోదాంట్లో ఒక్కో కొత్త మేకు వేసి మూతలు పెట్టాడు.

ఎనిమిదో రోజుకి ఉత్త నీళ్ళ సీసాలో మేకు ఎర్రబడింది. ఆయన సీసాలోనూ అంతే ఎర్రబడింది. అక్క సీసాలో మాత్రం తల దగ్గర చిన్న మచ్చ, అంతే.

తాత తన సీసా ఎత్తి కిందా మీదా తిప్పి చూశాడు. "పిండి" అన్నాడు చివరికి. రోజూ గడియారం చూసుకుని, దేవుడి ముందు నిలబడ్డంత భక్తిగా తను మింగుతున్నది పిండి. అయినా నెల పూర్తయ్యేదాకా మానలేదు. మానలేదు గానీ మాత్ర మింగేటప్పుడు ఆయన మొహం చూస్తే వేపాకు నమిలినట్టుండేది.

నెల కాగానే ఇద్దరూ ఆస్పత్రికెళ్ళారు. మాత్రలు లెక్కచూసే నర్సమ్మ మొదట అక్క సీసా తీసుకుని, పళ్ళెంలో వంపింది. ఒక్కటంటే ఒక్క మాత్ర దొర్లి ఆగింది.

"అయిదుండాలే అమ్మమ్మా. నాలుగు తక్కువున్నాయి. నిద్ర బాగా పడుతోందన్నావు. రోజుకి రెండేసి వేసుకున్నావా ఏంటి?"

"నేనా! రెండేసా!" అక్క లేచి నిలబడింది. "చూడమ్మాయ్, నలభై ఏళ్ళు ఇదే ఆస్పత్రి దుప్పట్లు లెక్కపెట్టి ఇచ్చినదాన్ని. ఒక్క దిండు గలీబు తగ్గలేదు నా చేతిలో. నాకు లెక్క చెబుతున్నావా?"

"కోప్పడకు అమ్మమ్మా. కానీ లెక్క తప్పితే నేను రాయాలి కదా. ఎక్కువ వేసుకున్నావని తేలితే నిన్ను తీసేస్తారు."

"తీసెయ్యి! దొంగపేరు పెట్టి తీసెయ్యి!" అక్క చెంగుతో కళ్ళు తుడుచుకుంది. కష్టాలెన్ని వచ్చినా తడవని కళ్ళవి.

తాత తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాడు. తన సీసా ఇంకా సంచిలోనే ఉంది. అందులోనూ ఒక్కటే ఉంది. అక్కకి మతిమరుపని ఒక్క మాటంటే అక్కడికి సరిపోతుంది. తన సీసా సంగతి దారిలో మూత ఊడిందని చెప్పొచ్చు. అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది కూడా. అక్క మొహం చూసేసరికి వచ్చినదారినే వెనక్కెళ్ళిపోయింది.

"నేనే తీశాను" అన్నాడు. "అక్కవి నాలుగు, నావి నాలుగు. మేకులకి వేశాను."

"మేకలకి వేశారా?" అంది నర్సమ్మ వెర్రిమొహం వేసుకుని.

"మేకులకమ్మా. ఇనప మేకులకి."

నర్సమ్మ పరుగున వెళ్ళి డాక్టరమ్మని పిలుచుకొచ్చింది. తాత సీసాల సంగతంతా పూసగుచ్చినట్టు చెప్పాడు. డాక్టరమ్మ నవ్వలేదు. కాగితం మీద అంతా రాసుకుంది.

"ఇది పైవాళ్ళకి తెలియజెయ్యాలి. మింగాల్సిన ముప్పైయ్యీ ఇద్దరూ మింగారు కాబట్టి అమ్మగారికి ఇబ్బందేమీ ఉండదు. నా బెంగ మీతోనే తాతగారూ. మీ మనసులో ఇది పిండి అని పడిపోయింది. అలా పడిపోయినవాళ్ళు ఏం చేస్తారో చూశాను. ఇంకో వారం మింగుతారు. తర్వాత రోజుకొకటి కిటికీలోంచి పారేసి, మింగామని చెబుతారు. ఆ ఒక్కరి అబద్ధం వల్ల మిగతా అందరి నిజమూ పాడవుతుంది. మానేస్తే ఇప్పుడే మానెయ్యండి, నేనేమీ అనుకోను. ఉంటే మాత్రం చివరి మాత్రదాకా ఉండాలి."

"రేపు చెబుతానమ్మా" అన్నాడు తాత.

దారి పొడుగునా అక్క ఎదురైనవాళ్ళకి ఒక్క సలహా కూడా ఇవ్వలేదు. అది ఆవిడ తిట్టడం కంటే కష్టం. కొట్టు తలుపు తీశాక అప్పుడంది.

"నన్నడిగితే ఇవ్వనా? ఎప్పుడైనా నీకు లేదన్నానా?"

"తప్పయిందక్కా."

"తప్పేలే. అయినా విను." ఆవిడ పీట దగ్గరికి లాక్కుంది. "నాది అసలు మాత్రయితే సగం విరిచి నీకిస్తాను. నీది సగం నేను వేసుకుంటాను. ఎవడు చూడొచ్చాడు? లెక్కకి లెక్కా సరిపోతుంది. వేళ్ళు కావాల్సింది నీకు. నాకు నిద్ర సగం చాల్లే."

తాత చెయ్యి తన ముందు చాపుకుని వేళ్ళు చూసుకున్నాడు. ఎంత మంచి వేళ్ళవి! ఒకప్పుడు బ్యాంకువాళ్ళు పాత ఇనప్పెట్టె తీయించడానికి బండి పంపించి మరీ పిలిపించుకున్న వేళ్ళు. సగం మాత్ర. ఎవరికీ తెలియదు. ఆశకి ఏం పోయింది, కోతిలా ఎగిరి భుజమెక్కి కూర్చుంది.

కోతిని భుజాన మోసుకుంటూనే లేచి, ఆ సీసాలు పారబోద్దామని అలమారు దగ్గరికెళ్ళాడు. ఇంతసేపూ వాటిని చూడని అక్క ఇప్పుడు దగ్గరికొచ్చి చూసింది.

"ఇదేది?"

"నాది."

"ఇదీ?"

"నీది. చూడు, తుప్పు పట్టలేదు."

"మరి ఈ మిగిలింది?"

"అది ఉత్త నీళ్ళది."

"అందులో మాత్రలే వెయ్యనప్పుడు ఇంకెందుకురా అది? అనవసరంగా ఒక మేకు పాడుచేశావు."

"భలేదానివక్కా! అసలైన సీసా అదే. ఉత్త నీళ్ళలో ఎంత తుప్పు పడుతుందో తెలియకపోతే, మందేసిన నీళ్ళలో తగ్గిందని దేన్ని చూసి చెబుతావు? అది లేకపోతే మిగతా రెండూ పెట్టినా ఒకటే, పెట్టకపోయినా ఒకటే. మా గురువు అందుకే..."

ఆగిపోయాడు.

"ఆగావేంరా? మీ గురువు అందుకే ఏమన్నాడు?"

"ముందు నీళ్ళ సీసా పెట్టు, తర్వాతే నూనె సీసా పెట్టు అనేవాడు." ఆయన ఆ సీసా ఎత్తి వెలుతురుకి పట్టాడు. అడుగున ఎర్రటి మడ్డి కదిలింది. "నీళ్ళ సీసాలో మందు కలిపితే నాలుగు తగిలించేవాడు కూడా."

అక్కకి సగం అర్థమైంది. మిగతా సగం తమ్ముడి మొహంలో చదువుకుంది. "అయితే సగం మాత్ర వద్దంటావు."

"వద్దక్కా. నీది నువ్వే వేసుకో. నాది నేనే వేసుకుంటాను."

"పిండైనా?"

"పిండైనా."

"మొండివాడివి" అంది అక్క. ఆవిడ నోట అంతకంటే పెద్ద మెప్పు లేదు.

మర్నాడు పొద్దున్నే ఆస్పత్రి తలుపులు తీసీ తియ్యకముందే తాత వెళ్ళి, ఉత్త నీళ్ళ సీసాని డాక్టరమ్మ బల్ల మీద టక్కున పెట్టాడు.

"ఇది నేను" అన్నాడు. "ఎవరో ఒకరు ఇదిగా ఉండకపోతే మీకు ఏమీ తెలీదు. నేనుంటాను. చివరి మాత్రదాకా."

డాక్టరమ్మ సీసా చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూసింది. "చాలా సంతోషం. కానీ మీరు ఇదో కాదో మీకేం తెలుసు?"

"మేకు చెప్పింది కదమ్మా."

"ఎన్ని మేకులు వేశారు ఒక్కో సీసాలో?"

"ఒకటి."

"నేను నూటయాభై మందిని ఎందుకు పోగుచేస్తున్నాననుకున్నారు? ఒక్క మేకు మాట నమ్మలేకే. పైగా మేకు మనిషి కాదు, నీళ్ళు నెత్తురు కావు. ఇంతకీ మీ అక్కగారి సీసాలో మేకు వేసేటప్పుడు మీ చేతికి నూనె లేదని చెప్పగలరా?"

తాత తన చేతులవంక చూసుకున్నాడు. గోళ్ళ చుట్టూ, గీతల్లో, నల్లగా నూనె. సబ్బుకి లొంగడం ఎప్పుడో మానేసిన నూనె. అది లేని రోజు గుర్తులేదాయనకి.

"చెప్పలేను" అన్నాడు.

"అయితే మీది మందేనేమో. కాదేమో. ఇద్దరిదీ మందేనేమో, ఇద్దరిదీ పిండేనేమో. పిండితో కూడా కొందరికి నిద్ర పడుతుంది. ఏమీ తెలియకుండా ఇంకో రెండు నెలలు మింగగలరా?"

నిజం చెప్పాలంటే పిండి అని తెలిసి మింగడమే తేలిక. నేను నీళ్ళ సీసానని గుండెమీద చెయ్యేసుకుని మింగొచ్చు. అటా ఇటా తెలియకపోతే రోజూ ఆశ పుడుతుంది, రోజూ చస్తుంది. తాత బల్ల మీదుగా చెయ్యి చాపాడు. 

"తాళం లోపల ఏముందో తెలిశాక పనిలోకి దిగుతానంటే మా వృత్తిలో ఎవడూ దిగడమ్మా. సీసా ఇవ్వండి."

ఆ రెండు నెలలూ ఆయన మాత్రలు వేసుకున్న తీరు అక్క ఇప్పటికీ చెబుతుంది. జ్వరమొచ్చిన రోజు కూడా గోడ పట్టుకుని లేచి వేసుకున్నాడు. ఒకసారి మాత్ర వేళ్ళ మధ్యనుంచి జారింది. జారిన సంగతి వేళ్ళకి తెలిస్తే కదా! నీళ్ళు తాగేశాక నోట్లో ఏమీ లేదని నాలుక చెప్పింది. ఇంకో మాత్ర తీస్తే లెక్క తప్పుతుందని, బోర్లా పడుకుని, టార్చి పట్టుకుని మంచం కిందంతా వెతికాడు. "పోనీలేరా, మిగిలేవి అయిదున్నాయిగా" అని అక్క మొత్తుకుంటున్నా వినకుండా, దొరికించుకుని, ఉఫ్ అని ఊది మింగాడు. మేకుల జోలికి మాత్రం పోలేదు. అక్క సీసా వైపు కన్నెత్తి చూడలేదు.

ఆఖరి రోజు నర్సమ్మ తాత సీసా పళ్ళెంలో వంపి లెక్కపెట్టింది. అయిదు. అక్క సీసా వంపింది. అయిదు. "గలీబులు సరిపోయాయా?" అంది అక్క.

నెత్తురు తీసుకున్నారు. నూటయాభై మందీ పూర్తిచేశాకే ఆ ఆఫీసు తాళం తీస్తారని, దానికి ఇంకో ఏడాది పట్టొచ్చని డాక్టరమ్మ చెప్పింది. తాత తలూపాడు. వేళ్ళెలా ఉన్నాయని ఆవిడడిగితే, "ఉన్నచోటే ఉన్నాయమ్మా" అన్నాడు. "రాసుకోండి. ఉన్నదున్నట్టు రాసుకోండి."

తిరిగొచ్చేసరికి కొట్టు ముందు ఒకావిడ చిన్న ఇనప పెట్టె ఒళ్ళో పెట్టుకుని అక్క పీట మీద కూర్చుని ఉంది. తాళంచెవి పోయిందిట. ఇద్దరు తాళాలవాళ్ళు చూసి, పగలగొట్టాల్సిందే అన్నారట.

తాత పెట్టెని బల్లకున్న వైసులో బిగించి సన్నటి పుల్ల తీశాడు. లోపలికి పోనిచ్చాడు. వేళ్ళకి కబురు రాలేదు. ఇంకోసారి కదిపాడు, రాలేదు. ఆవిడ కంగారుగా చూస్తోంది. అక్క ఆవిడ్ని కదలొద్దన్నట్టు చెయ్యి చూపించింది.

అప్పుడు తాత వంగి, పుల్ల రెండో చివర ముందుపళ్ళ మధ్య కరిచిపట్టుకుని, కళ్ళు మూసుకున్నాడు. తలని వెంట్రుకవాసి అటూ ఇటూ కదిపాడు. ఆరుసార్లు జారింది. ఏడోసారి లోపల ఏదో మెత్తగా లేచి, టిక్కుమని పక్కకి తప్పుకుంది. మూత తెరుచుకుంది.

ఆవిడ సంతోషంగా వెళ్ళిపోయాక అక్క దగ్గరికొచ్చి, ఎవరూ వినకుండా అడిగింది. "వేళ్ళకేమైనా తెలిసిందిరా?"

తాత పుల్లని గుడ్డతో శుభ్రంగా తుడిచి, దాని చోట దాన్ని పెట్టాడు.

"లేదక్కా. పళ్ళకి తెలిసింది" అన్నాడు. "తర్వాతి తాళం ఇటివ్వు."